అడివికోళ్లు కూస్తలేవు, బాపూ

మోదుగుగూడ,
ఫిబ్రవరి 16.

బాపూ,

నువ్వూ అవ్వా మంచిగున్నరని నరేశ్ ఫోన్ల చెప్పిండు. నీ మోకాలినొప్పి ఎట్లున్నదని అడిగితే, "నన్నెందుకు అడుగుతవక్కా, బాపుకే ఉత్తరం రాయి" అన్నడు. తమ్ముడు నవ్వులాటకే అన్నడు గనీ నాకు ఆ మాట పట్టుకున్నది. బొగ్గుబాయిల డ్రిల్లు మిషన్ పక్కన ఇన్నేండ్లు నిలబడి నీ చెవులు పోయినంక మనిద్దరికి ఫోను లేకుంట అయింది. నరేశ్ ఫోనుకు మెసేజ్ పెడితే వాడు చదివి నీకు సైగలు చేస్తడు, సగం మాటలు వాని దగ్గరనే ఆగిపోతయి. కాయితం మీద రాస్తే నువ్వే అద్దాలు పెట్టుకొని మొదలుసంది ఆఖరుదాక చదువుతవు. జవాబు మాత్రం రాయవు. అది గూడ నాకు తెలుసు.

నీ బదులు బాయి నౌకరి నేను చేస్తనని నువ్వు అనుకున్నవు. నేను పరీక్ష రాసి అడివి నౌకరి తెచ్చుకున్న, బాయి నౌకరి నరేశ్‌కు పోయింది. ఆ దినం సంది నువ్వు నాతోని సరిగ మాట్లాడలే. ఇంటికొస్తే పళ్లెం ముందుకు జరుపుతవు, బస్టాండు దాక బ్యాగు మోస్తవు, అంతే. కోపమైతే కోపమని ఒక్కసారి తిట్టరాదా అనిపిస్తది.

సరే, నా పని సంగతి చెప్త, నవ్వుకో. బీట్ ఆఫీసర్‌నని చెప్పుకుంటున్న గదా, ఇప్పుడు నా డ్యూటీ ఏందంటే అడివికోళ్ల కూతలు లెక్కపెట్టుడు. పుంజులు మాఘం సంది ఎండలు ముదిరేదాక జోరుగ కూస్తయి. కూత ఎంత ఉంటే అడివి అంత బాగున్నట్టని పైవాళ్ల లెక్క. రోజూ తెల్లారంగ బండేసుకొని వాగు పక్కన ఒక రాతిగుండు దగ్గరికి పోయి అరగంట కూసుంట. కూత వినవడ్డప్పుడల్ల నోటుబుక్కుల ఒక గీత గీస్త. నెల ఆఖర్ల రోజుకు సగటున ఎన్ని అని ఒక్క అంకె రాసి రేంజర్ సార్‌కు ఇయ్యాలె. ఈ పదిహేను దినాలల్ల రోజుకు నలభైకి తక్కువ వస్తలేవు. ఒక పుంజు కూస్తే దూరంల ఇంకోటి అందుకుంటది, అది ఆపకముందే వాగు అవతల మరొకటి. మన ఇంటి కోడి లెక్కనే ఉంటది గనీ ఆఖర్ల టక్కున కోసేసినట్టు ఆగుతది. నీకు వినిపియ్యాలని ఫోన్ల రికార్డు చేసిన, చేసినంక యాదికొచ్చింది.

అవ్వను అడిగినట్టు చెప్పు.

నీ బిడ్డ,
జ్యోతిరాణి


మోదుగుగూడ,
మార్చి 27.

బాపూ,

ఈ ఉత్తరం నిన్న సగం రాసి చింపేసిన. ఇయ్యాల మొత్తం రాస్త.

కూతలు పడిపోయినయి. హోలీకి ముందుగాల ముప్పై అయినయి, తర్వాత ఇరవై, తర్వాత ఆరు. ఒక్కొక్క దినం రెండు గీతలు గీసి లేచి వస్తున్న. మొదట నా చెవే పాడైందనుకున్న. మా వాచర్ కొమురెల్లిని వెంట తీసుకపోయిన. ఆయనకు యాభై ఏండ్లుంటయి, ఈ అడివిలనే పుట్టిండు, ఆకు కదిలితే ఏ జంతువో చెప్తడు. ఆయనకూ రెండే వినవడ్డయి. "సచ్చినయా కొమురెల్లీ?" అన్న. వెదురుపొదల దిక్కు తీస్కపోయి, వంగి చూడుమన్నడు. మూడు పుంజులు ఎర్రగ నిగనిగలాడుకుంట ఆకులు గీరుకుంటున్నయి. పెట్టలు గూడ ఉన్నయి. అంటే ఉన్నయి బాపూ, కూస్తలేవు. కూసేకాలం నడిమిట్ల ఎందుకు నోరు మూసుకున్నయో కొమురెల్లికే తెలుస్తలేదు.

మార్చి నడుమనే పైనుంచి లెక్క అడిగితే, సగటు తొమ్మిది కూడ దాటదని రేంజర్ సార్‌కు చెప్పిన. ముప్పై ఐదు రాయమన్నడు. ఆయన చెడ్డమనిషి కాదు, జరమొస్తే జీపుల దవాఖానకు తీస్కపోయిండు నన్ను. కానీ పది నెలల్ల రిటైర్ అయితడు, ఈ పది నెలలు పైనుంచి ఏ కాయితం రావద్దు, అంతే ఆయన ఫికర్. నేను తొమ్మిదే రాస్త అన్న. మొండిగ అన్న. నిజం రాసినందుకు లోపల జర గర్వం గూడ అయింది, అబద్ధం ఎందుకు.

ఎందుకు తగ్గినయని పైనుంచి అడిగిండ్రు. ఇక్కడ ఇది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే గూడెం ఆడోళ్లు గంపలు పట్టుకొని చెట్ల కిందికి పోతరు. పొద్దెక్కితే పువ్వు వాడిపోతది, పశువులూ జింకలూ తినిపోతయి. ఏరుకునే హక్కు వాళ్లకు చట్టంలనే ఉన్నది. రేంజర్ సార్ ఏం రాసిండో తెలుసా? పువ్వు ఏరేటోళ్ల అలికిడికి, వాళ్లు ఆకులకు పెట్టే మంటలకు కోళ్లు బెదిరి కూత మానినయని రాసిండు. పొద్దున తొమ్మిదింటిదాక ఎవ్వరూ అడివిలకు పోవద్దని ఆర్డర్ వచ్చింది. నా తొమ్మిది అంకె పట్టుకొని వాళ్లకు తొమ్మిది గంటలు పెట్టిండ్రు.

ఆ ఆర్డర్ నడిపియ్యాల్సింది నేనే. సోమవారం పొద్దున దేవవ్వ అనే పెద్దమనిషి ఎదురైంది, అరవై దాటినయి. ఆగమంటే ఆగలే. నలుగురు చూస్తున్నరు, యూనిఫాం మీద ఉన్న, గంప గుంజుకున్న. సగం పువ్వు నేల మీద పడ్డది. ఆమె కూసోని ఒక్కొక్క పువ్వు కొంగుల ఏరుకున్నది, నేను నిలబడి చూసిన. లేచి పోవుకుంట, "కోళ్లు కూయకపోతే నా నోటికాడి కూడు గుంజుతవా బిడ్డా" అన్నది.

గంప ఇంక నా క్వార్టర్లనే ఉన్నది. దాని దిక్కు చూడబుద్ధి అయితలేదు.

నీ బిడ్డ,
జ్యోతి


మోదుగుగూడ,
ఏప్రిల్ 8.

బాపూ,

నీకు చెప్పకుంట దాచిన సంగతొకటి రాస్తున్న. చదివినంక అవ్వకు చెప్పకు.

పోయిన వారం నేనూ కొమురెల్లీ వాగు అవతల తిరుగుతుంటే ఒక జాగల నేల చదునుగ తుడిచినట్టు కనవడ్డది. నడుమ చిన్న మేకు. దాని సుట్టూత నైలాను దారం ఉచ్చులు, లెక్కపెడితే ఇరవై రెండు. ఈకలు, జర రక్తం. కొమురెల్లి చూడంగనే చెప్పిండు. మేకుకు పెంపుడు పుంజును కడతరట. అది కూస్తది. మన జాగల ఇంకోడు ఎవడు కూస్తున్నడని అడివిపుంజు కోపంగ జవాబు కూసుకుంట ఉరికొస్తది, ఉచ్చుల కాలు పెడతది. టౌనుల అడివికోడి కూర అంటే మోజు, ఆర్డర్లు పెట్టి మరీ తెప్పిచ్చుకుంటరు. ఇసొంటి జాగలు ఇంకా రెండు చూసినం.

సంతోషంతోని ఉరికిన బాపూ, కారణం దొరికిందని. రేంజర్ సార్ ఉచ్చులను చేతిల తిప్పి చూసిండు. తర్వాత తలుపు దగ్గరికి ఏసి మెల్లగ చెప్పిండు. "ఉచ్చులని రాస్తే ఏమైతదో తెలుసా అమ్మా? ఇన్ని దినాలు కాపలా ఏం కాసిండ్రని ముందు నిన్నే అడుగుతరు. బీట్ నీది." అని, టేబులు మీద కాయితం పెట్టిండు. పువ్వు ఏరేటోళ్ల వల్లనే కూతలు తగ్గినయని బీట్ ఆఫీసర్ స్వయంగ చూసి ధ్రువీకరిస్తున్నదని ఉన్నది అందుల. నేను సంతకం పెట్టిన.

ఎవ్వలూ నా చెయ్యి పట్టి పెట్టియ్యలే. నౌకరి పోతదని భయమైంది, పెట్టిన. తొమ్మిది అంకె కోసం అంత మొండిగ కొట్లాడినదాన్ని, ఒక ముసలామె మీద అబద్ధం రాసిన కాయితానికి రెండు నిమిషాలల్ల లొంగిన. ఎవల మీద చిరాకో నాకే తెలుస్తలేదు. రేంజర్ సార్ మీదనా, టౌనోళ్ల మీదనా, ఆ నోరు మూసుకున్న కోళ్ల మీదనా. ఒక్కటన్న గట్టిగ కూస్తే ఏం పోయె అని పొద్దుపొద్దున రాతిగుండు మీద కూసోని వాటినే తిట్టిన. పిచ్చిదాని లెక్క.

ఇంకో సంగతి. ఆడోళ్లను ఆపి పదిహేను దినాలు దాటింది. అలికిడి లేదు, మంటల్లేవు. కూతలు పెరగాలె గదా? ఇంకా తగ్గినయి. నిన్న ఒక్కటి.

రాజీనామా రాసి పెట్టుకున్న. ఈ నెలాఖరుకు ఇచ్చి మందమర్రికి వస్త. ఏదన్న స్కూల్ల పాఠాలు చెప్పుకుంట. నువ్వు మాట్లాడకపోయినా ఏం కాదు, ఇంట్ల ఒక మూలకు జాగ ఉంటే చాలు.

జ్యోతి


మందమర్రి,
ఏప్రిల్ 14.

బిడ్డా జ్యోతీ,

నేను ఏడు దాకనే చదివిన, తప్పులుంటయి, సర్దుకొని చదువు. మీ అవ్వకు చెప్పలే.

ముందుగాల నీ కోళ్ల సంగతి. మేము బాయిల బొగ్గు టబ్బులు నింపుకుంట పాటలు పాడేది. ఒకడు అందుకుంటే ఇంకో సొరంగం గల్లీల ఇంకోడు అందుకునేది. మూల మలుపుకాడ అధికారి టోపీ లైటు కనవడంగనే అందరం బంద్. ఆయన దిగిన దినమల్లా బాయి సప్పుడు లేకుంట ఉండేది. ఈ షిఫ్టోళ్లు పాటలే పాడరని ఆయన అనుకునేటోడు. మేము చచ్చిపోలేదు గదా. ఆయన పోయినంక మళ్ల పాడుకునేది. నువ్వు నెలకు ఒక్క అంకె రాస్తున్న అన్నవు. దినం దినం గీతలు నోటుబుక్కుల ఉన్నయి గదా. ఏ దినం కూసినయి, ఏ దినం కూయలే, ఆ దినం అడివిలకు ఎవలొచ్చిండ్రు, అది చూడు. నెల మొత్తం కలిపితే ఏం తెలుస్తది.

ఇగ రెండోది. నేను నీతోని మాట్లాడనిది కోపంతోని కాదు. నువ్వు బాయి నౌకరి వద్దన్న దినం నేను లోపల సంబరపడ్డ, ఆ మాట చెప్పరాలే.

నువ్వు నాలుగో తరగతిల ఉన్నప్పుడు నా జోడీగ సిద్దిరాములు పనిచేసేటోడు. బొగ్గు తియ్యకముందు పైకప్పును కర్రతోని కొట్టి సప్పుడు వినాలె. గట్టి సప్పుడొస్తే పోవచ్చు, బోలు సప్పుడొస్తే పోవద్దు. ఆ దినం టైం లేదు పొమ్మని మాతోని పని చేపిచ్చే సర్దార్ అన్నడు. కొట్టి చూడలే. వాడు నాకన్న నాలుగు అడుగులు ముందు పోయిండు, బండ పడ్డది. తెల్లారి సర్దార్ కాయితం తెచ్చిండు. సిద్దిరాములు ఎవలకు చెప్పకుంట తనంత తనే లోపలికి పోయిండని ఉన్నది. నేను సంతకం పెట్టిన. నాకూ నౌకరి భయమే. ఆగం మనిషి, చెప్పినమాట విననోడు అని వాని పేరు కాయితాలల్ల నిలిచింది. వాని పెండ్లాం సమ్మవ్వ సుల్తానాబాద్ల తల్లిగారింటికి పోయింది. నా మాట అప్పుడు తగ్గింది బిడ్డా. చెవులు తర్వాత పోయినయి.

ఇరవై ఏండ్లు అయింది. ఇంటికొస్తే మరిచిపోతనని నేను గూడ అనుకున్న. నువ్వు రాజీనామా ఇయ్యి, ఇయ్యకపో, నీ ఇష్టం. ఇంట్ల జాగ ఎప్పుడూ ఉన్నది. ఆ సంతకం మాత్రం అక్కడ ఇడిచిపెట్టి రాకు.

మీ బాపు
సారయ్య


మోదుగుగూడ,
మే 5.

బాపూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో చెప్ప. నీ అక్షరాలు నేను చూసుడు ఇదే మొదలు, రేషన్ కార్డు మీద సంతకం తప్ప. సిద్దిరాములు సంగతి ఆఖర్ల రాస్త. ముందుగాల ఏం జరిగిందో చెప్త.

నోటుబుక్కు తీసి గోడ మీదున్న క్యాలెండరు పక్కన పెట్టుకున్న. చూస్తుంటే నా మీద నాకే సిగ్గైంది. శని, ఆదివారాలు ఒకటి, రెండు. సోమవారం గూడ అంతే. బుధవారం జర లేస్తయి, శుక్రవారానికి పది, పన్నెండు. మళ్ల శనివారం పడిపోతయి. మార్చిల ఒక వారం కల్వర్టు పని జరిగి టౌను దిక్కు తొవ్వ ఐదు దినాలు బంద్ ఉండె. ఆ ఐదు దినాలల్ల ఇరవై, ఇరవై మూడు దాక గీతలున్నయి. అప్పుడు ఆడోళ్లు చెట్ల కింద పువ్వు ఏరుతనే ఉన్నరు. వాళ్లను ఆపినంక చూస్తే అన్ని దినాలూ ఆదివారం లెక్కనే ఉన్నయి. పొద్దున అడివిల మనుషులుంటే టౌనోళ్లు ఉచ్చులు పెట్ట జంకేది. మేము ఆడోళ్లను ఎల్లగొట్టి వాళ్లకు తొవ్వ సాఫ్ చేసిచ్చినం.

జవాబు కూసిన పుంజులు ఉచ్చులల్ల పడ్డయి. చూసిన పుంజులు నోరు మూసుకున్నయి. టౌనోళ్లు వచ్చేది తెల్లారంగ, మోటర్‌సైకిల్ మీద. నేను పోయేది గూడ తెల్లారంగ, మోటర్‌సైకిల్ మీదనే. వాటికి నా యూనిఫాం కనవడదు గదా. నా బండి సప్పుడుకు గూడ నోరు మూసినయేమో. అంటే నేను కూసోని లెక్కపెట్టింది కూతలను ఒక్కటే కాదు, వాటి భయాన్ని గూడ.

గంప పట్టుకొని దేవవ్వ ఇంటికి పోయిన. రేపు పొద్దున మీతోని వస్త, పువ్వు ఏరుకోండ్రి, నేను అడ్డం రాను అన్న. గంప తీస్కొని లోపల పెట్టుకున్నది. "మళ్ల గుంజుకునేతందుకా?" అన్నది. కాయితం మీద ఆమె మీద అబద్ధం రాసిన సంగతి చెప్పిన. సంతకం సంగతి గూడ. ఆమె చీరె కట్టుకొని రమ్మన్నది, ఆ బూట్లు వద్దన్నది.

మూడు దినాలు వాళ్లతోని నడిచి పోయిన. ఆర్డర్‌కు విరుద్ధమే, తెలిసే పోయిన. ఆడోళ్లు మాట్లాడుకుంటనే ఉన్నరు, దగ్గుతున్నరు, పిల్లల సంగతులు, కోడండ్ల సంగతులు. రెండో దినం మా చెట్టుకు ముప్పై అడుగుల దూరంల పుంజు కూసింది. నేను ఉలిక్కిపడ్డ. దేవవ్వ తల గూడ ఎత్తలే, ఏరుకుంటనే ఉన్నది. ఆ దినం ఏడు, మూడో దినం పదకొండు.

నాలుగో దినం శనివారం. బండి సప్పుడు ఇనవడంగనే కూతలు ఆగినయి. మేము ఏరుకుంటనే ఉన్నం. ఇద్దరు మనుషులు, గుడ్డ కప్పిన బుట్ట. మమ్ముల చూసి ఆగిండ్రు, పువ్వు ఏరే ఆడోళ్లే గదా అనుకున్నట్టున్నరు, జర అవతలికి పోయి మేకు కొట్టుడు షురూ చేసిండ్రు. పొద వెనకాల కొమురెల్లి ఉన్నడు, ఇంకో ఇద్దరు వాచర్లు ఉన్నరు, ఉరికొచ్చి సుట్టుముట్టిండ్రు. బండి తాళంచెవి ముందుగాల దేవవ్వ గుంజుకున్నది. నేను కార్డు చూపిచ్చేదాక వాళ్లు నన్ను నమ్మలే.

కేసు రాసిన. పెంపుడు పుంజు గూడ కేసుల సాక్ష్యమట, కోర్టు చెప్పేదాక మేమే చూసుకోవాలె. మా క్వార్టర్ ముందల బుట్ట కింద ఉన్నది. కొమురెల్లి నూకలు ఏస్తడు, తెల్లారకముందే అది కూసి నన్ను లేపుతది.

రేంజర్ సార్ దగ్గరికి రెండో రిపోర్టు తీస్కపోయిన. దినాల వారీగ లెక్క, ఉచ్చుల ఫోటోలు, నేను సంతకం పెట్టిన ధ్రువీకరణ అబద్ధమని, నాకు తెలిసే పెట్టిన్నని. ఆయన కోపం చెయ్యలే. కుర్చీల వెనకకు వాలి, "ఇంకో తొమ్మిది నెలలు ఆగలేకపోయినవా అమ్మా" అన్నడు. అంత అలిసిపోయిన మొఖం నేను ఎన్నడూ చూడలే, జర పాపం అనిపిచ్చింది. ఆయన ముందుకు పంపడని తెలుసు, అందుకే ఇంకో కాపీ నేనే పెద్దాఫీసుకు రిజిస్టరు పోస్టుల ఏసిన.

జవాబు వచ్చింది. అబద్ధపు ధ్రువీకరణ ఇచ్చినందుకు నామీద మెమో. పదిహేను దినాలల్ల సంజాయిషీ ఇయ్యాలె. ట్రాన్స్‌ఫర్ అయితదో, ఇంకేమైతదో తెల్వదు. ఆడోళ్ల మీద ఆర్డర్ ఏప్రిల్ ముప్పైన తీసేసిండ్రు. పువ్వు ఏప్రిల్ ఇరవై ఐదుకే అయిపోయింది బాపూ. చెట్లల్ల ఒక్క పువ్వు లేనప్పుడు ఏరుకోండ్రి అని పర్మిషన్ ఇచ్చిండ్రు. ఆ కాయితం చూస్తే గోడకు తల కొట్టుకోవాలనిపిచ్చింది.

దేవవ్వకు చెప్పుదామని పోయిన. తునికాకు కట్టలు కడుతున్నది. చదివి వినిపిచ్చిన. "వచ్చే ఏడాది చూస్త" అన్నది. మంచి చేసినవనలే, పొమ్మని గూడ అనలే. నాకు ఆకు కట్టుడు రాదు, జరసేపు కూసోని లేచి వచ్చిన. నిన్నటి కూతలు పద్నాలుగు. నలభై రాలే. ఎండలు ముదిరినయి, ఈ ఏటికి ఇగ రావు. వచ్చే ఏడు వస్తయో రావో కొమురెల్లికి గూడ తెల్వదు. రాజీనామా చింపేసిన. తీసేస్తే తీసెయ్యనీ, నేనైతే ఇయ్య.

ఇగ సిద్దిరాములు సంగతి. నువ్వు ఉత్తరంల రాయలే గనీ, రెండుసార్లు సుల్తానాబాద్ బస్సెక్కి నడుమనే దిగి వచ్చినవని నరేశ్ నిన్న చెప్పిండు. ఎందుకు పోతున్నవో వానికి తెల్వదు, ఫికర్ పడుతున్నడు. నేను చెప్పలే. వచ్చే ఆదివారం సెలవు పెట్టిన. శనివారం సాయంత్రం మందమర్రికి వస్త, తెల్లారి ఇద్దరం పోదాం. సమ్మవ్వ ఇంటి ముందు నువ్వే మాట్లాడు, నేను మాట్లాడ. ఆమె ఏడ్వచ్చు, తిట్టొచ్చు, తలుపు ఏసుకోవచ్చు. ఆమె ఏమన్నా నీకు వినవడదు గదా. నేను పక్కన నోటుబుక్కు పట్టుకొని కూసుంట. ఆమె అన్నది అన్నట్టు రాసి నీకు ఇస్త బాపూ, ఒక్క మాట గూడ తగ్గియ్య.

శనివారం ఐదింటి బస్సుకు దిగుత. బస్టాండుకు రా.

నీ బిడ్డ,
జ్యోతి